అంచు చూసి చెక్క పేరు చెప్పే కజుయో

వడ్రంగుల ఊరు మా ఒకావాలో చెక్క గురించి మాట్లాడని మనిషి లేడు. ఎక్కువ మాట్లాడకుండానే చెక్క గురించి తెలిసిన మనిషి మాత్రం, నేను చూసినంతలో, ఎజిమా కజుయో ఒక్కతే. రంపాలకి సాన పట్టే నా కొట్టుకి గోడ అవతలే పలకల గోదాము. పద్దెనిమిదో ఏట పలకల మీద దుమ్ము తుడిచే పనికి అక్కడ చేరింది. ఇప్పుడు అరవైకి దగ్గర పడింది. జీతం చీటీలో ఇప్పటికీ గోదాము సిబ్బంది అనే రాస్తారు.

ఆమె చేసే పని అది కాదు. మా చుట్టుపక్కల కట్టే బడులకీ, ఆసుపత్రులకీ ఇప్పుడు గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ కావాలంటారు. దానికి మార్కులుంటాయి. కొన్ని మార్కులు గదిలో గాలికి. జిగురు పెట్టి అదిమిన పలకల్లోంచి కళ్ళు మండించే వాయువు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది. అది అతి తక్కువగా వచ్చే పలక మీద, దాన్ని చేసినవాళ్ళు నాలుగు చుక్కల ముద్ర వేస్తారు. భవనంలో ఉన్న జిగురు పలకలన్నీ నాలుగు చుక్కలవేనని రుజువు చూపిస్తే ఆ మార్కులొస్తాయి.

చెప్పినంత సులువు కాదు. ముందు ఏది జిగురు పలకో తేలాలి. ఒకే మానులోంచి కోసిన నిండు సుగి దేవదారు పలకకి ఏ ముద్రా అక్కర్లేదు. పైకి అచ్చం దానిలాగే ఉండి, లోపల రంపపుపొట్టు అదిమినదానికి కావాలి. చిన్న ముక్కల్ని వేళ్ళు పెనవేసినట్టు అతికించిన బద్ద ఒక లెక్క, ఇంటిని మోసే దూలం ఇంకో లెక్క. ఒకే ప్లైవుడ్ నేల మీద పరిస్తే ఒక జాబితాలోకి, అల్మరాలో బిగిస్తే వేరే జాబితాలోకి పోతుంది. ఈ వింగడింపు చదువుకున్నవాళ్ళకి తలనొప్పి. కజుయోకి అన్నం తిన్నంత తేలిక. ఆమె పలక ముఖం చూడదు. పక్కకి తిప్పి అంచు చూస్తుంది, వేలితో రుద్దుతుంది, వాసన చూస్తుంది, పేరు చెబుతుంది.

ఎవరూ నేర్పలేదు. తన చేతిలోంచి వెళ్ళిన ప్రతి రకం పలక నుంచీ బొటనవేలంత ముక్క కోసి, అంచు నున్నగా రుద్ది, వెనక తారీకు రాసి, బిస్కెట్ల రేకు డబ్బాల్లో దాచింది. అలాంటివి ఇరవై ఆరు డబ్బాలున్నాయి. చుక్కల చట్టం రాకముందు, ఆమె అక్క కొత్తింట్లో చేరిన నెల, ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకుంటూ తిరిగారట. చంటిదానికి ఒంటినిండా దద్దుర్లు. "కొత్త చెక్క వాసన, ఒంటికి మంచిది" అన్నాడట ఇల్లు కట్టినవాడు. కజుయో వంటగది అల్మరా తలుపులో ముక్కు పెట్టి, అది చెక్క వాసన కాదని చెప్పింది. తలుపులూడదీసి వరండాలో పెట్టాక పిల్ల నిద్రపోయింది. డబ్బాలు మొదలైంది ఆ వారంలోనే.

ఆమె అంటే పడనివాడు మా ఊళ్ళో ఒకడుండేవాడు. ఒత్సుబొ మేస్త్రి. డెబ్భై ఒకటి దాటినా ఆయన చిత్రిక పట్టిన చెక్క మీద ఈగ కాలు నిలవదు. ఒకసారి ఆమెని పరీక్షిద్దామని, ఆరు వైపులా పల్చటి చెక్క పొర అతికించిన దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎటు తిప్పినా అంచన్నది కనపడదు.

"చెప్పు చూద్దాం, ఇదేం చెక్క?"

కజుయో చేత్తో తూచింది. "ఇది చెక్క కాదు మేస్త్రిగారూ, మీ పొగరు."

"లోపల ఏముందో చెప్పమంటే..."

"ఒక మేకు దించనివ్వండి, చెబుతా."

తన పని మీద మేకు దించడమా! ఒత్సుబొ దిమ్మ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. కజుయో ఆరోజు గోదాము పుస్తకంలో రాసుకున్నది ఒక్కటే మాట: చూడలేదు. ఆమెకి తెలియనిదాన్ని తెలుసని రాయించడం ఎవరి తరమూ కాదు.

ఈ ఇద్దరికీ ముడిపడింది మొన్నటి మార్చిలో, నది ఒడ్డున కొత్తగా కట్టిన పసిపిల్లల బడి దగ్గర. అల్మరాలు, చెప్పుల గూళ్ళు, పడుకుని పుస్తకాలు చూసే బల్లలు అన్నీ ఒత్సుబొవే. ఇదే నా చివరి పెద్ద పని అని ఊరంతా చెప్పుకున్నాడు. తొమ్మిది రోజుల్లో బడి తెరవాలి. శుక్రవారానికి పలకల జాబితా పంపాలి. జాబితా రాయడానికి ఫుకువోకా నుంచి ఆర్కిటెక్టు ఆఫీసు అమ్మాయి అరిమా వచ్చింది. పలకలు వెళ్ళింది కజుయో గోదాము నుంచి కాబట్టి ఆమెనీ పిలిచింది. అల్మరా తలుపుల రంపం నేనే సాన పట్టాను కదా, ఎలా కోసిందో చూద్దామని నేనూ వెంట వెళ్ళాను.

బడి పంతులమ్మ ముందే కంగారుపడిపోయి, అన్నం కలిపే కొయ్య తొట్టె తెచ్చి చూపించింది. "ఇది కూడా జాబితాలో రాయాలా అమ్మా?"

"అందులో అన్నం మాత్రం పెట్టండి చాలు" అంది కజుయో.

అరిమా టార్చిలైటు పట్టుకుని ఒక్కో అల్మరా కిందకీ దూరింది. అరగంట తర్వాత జుట్టు చెదిరి, మోకాళ్ళ మీద పొట్టుతో బయటికొచ్చింది.

"ఒత్సుబొ గారూ, ఒక్క పలక మీదా ముద్ర లేదేంటండీ?"

"ఎలా ఉంటుంది? తీసేశా కదా."

"తీసేశారా?"

"కోయడానికి ముందే ముద్రున్న మూల ఎక్కడుందో చూసి, అది వృథా బద్దలోకి పోయేలా గీత గీశా. నలభై ఆరు పలకల్లోనూ. తేలికనుకున్నావా?" ఆయన గొంతులో గర్వమే తప్ప బెరుకు లేదు. "మూడేళ్ళ పిల్లలమ్మా. నేల మీద వెల్లకిలా దొర్లుతారు. అరల అడుగు చూసేది వాళ్ళే. అక్కడ ఫ్యాక్టరీ అచ్చు కనపడితే, ఒత్సుబొ చేసిన అల్మరా అంటారా, సరుకు డబ్బా అంటారా?"

అరిమా టార్చిలైటు ఆర్పేసింది. నేను గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను.

"పనితనం గురించి నేనేమీ అనట్లేదండీ" అంది అరిమా. "నాకు ముద్ర కావాలి. లేదంటే ఇవి ఏ పలకలో ఎవరు చెప్పాలి? ల్యాబుకి పంపితే మూడు వారాలు. శుక్రవారానికి రుజువు లేకపోతే వీటిని విప్పేసి, ముద్రున్నవి పెట్టించమంటారు మా వాళ్ళు."

ఒత్సుబొ మొహం మాడిపోయింది. కజుయో వైపు తిరిగాడు. "నువ్వే కదా పంపావు. నలభై ఆరూ చుక్కలవేనని చెప్పు."

"నా గేటు దాటేవరకూ చుక్కలవే. ప్రతిదీ చూశా. దాటాక ఏమైందో చూడలేదు."

"నన్ను నమ్మవా?"

"నమ్ముతా. నమ్మకం రాయడానికి ఈ కాగితంలో గడి లేదు." ఆమె ఒక అర బయటికి లాగి, వెనక అంచు చూసింది. "కోసిన బద్దలేవీ?"

"ఇంకెక్కడ, స్నానశాలకి పంపించా. పొయ్యిలోకి."

మా ఊళ్ళో వడ్రంగులందరూ చేసేది అదే. పనిలో మిగిలిన చెక్కంతా ఊరి స్నానశాలకి వెళుతుంది. నీళ్ళు కాగుతాయి, బదులుగా మేస్త్రికి స్నానం ఉచితం. రెండు నెలల కింద కోసిన బద్దలు ఈపాటికి ఎంతమంది వీపుల మీదుగా ప్రవహించి ఉంటాయో!

నా చిన్న ట్రక్కులో నలుగురం ఇరుక్కుని వెళ్ళాం. మధ్యాహ్నం రెండు. స్నానశాల ఇంకా తెరవలేదు. వెనకవైపు పొయ్యి దగ్గర ఉషిజిమా బాబాయ్ నిప్పు రాజేస్తున్నాడు. నలభై ఏళ్ళుగా ఊరికి నీళ్ళు కాస్తున్న మనిషి. ఒత్సుబొని చూడగానే కట్టె కింద పడేశాడు.

"వచ్చావా! మూడుసార్లు కబురు పెట్టా. ఇప్పుడా రావడం?"

"ఏం కబురు?"

"నీ చెత్త నువ్వు పట్టుకుపొమ్మని!" పొయ్యి వెనక ఉన్న రేకుల కొట్టం తలుపు తోశాడు. గోడ వారగా, నడుమెత్తు వరకు, పల్చటి బద్దలు పేర్చి ఉన్నాయి.

అరిమా గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఇవి... కాల్చలేదా మీరు?"

"జిగురు చెక్క నా పొయ్యిలో పెడతానా? ఒకసారి చూడక పెట్టా. పొగ కమురు కంపు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒకటే కేకలు. అప్పట్నుంచీ వచ్చిన ప్రతి బస్తా విప్పి, నిండు చెక్క ఇటు, జిగురు చెక్క అటు. ఈ పెద్దమనిషి రెండూ కలిపి పంపిస్తాడు, నా నడుం విరుగుతుంది."

కజుయో బద్దల వైపు కాదు, ఆయన వైపు చూస్తోంది. "ఎలా విడదీస్తావు బాబాయ్?"

"ఎలాగేంటి? అంచు చూస్తా."

నలభై ఏళ్ళ పరిచయంలో ఆమె మొహం అంత వెలిగిపోవడం నేను చూడలేదు. ఆ తర్వాత ఇద్దరూ మమ్మల్ని మర్చిపోయి, రంపపుపొట్టు పలకకీ, మెత్తటి పీచు పలకకీ తేడా ఎలా పట్టుకోవాలో పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఉషిజిమా నాలుకతో తడి చేసి చూస్తాడట. అది తనకి తట్టనందుకు కజుయో చాలా నొచ్చుకుంది.

బద్దలు ట్రక్కులోకి ఎక్కించాం. ప్రతిదాని మూలా నాలుగు చుక్కల ముద్ర. పక్కనే ఒత్సుబొ పెన్సిలు రాత: ఇ-1, ఇ-2, రొ-1. పాత వడ్రంగులు ఇ, రొ, హ, ని, హొ, హె, తొ అని పాత అక్షరాల వరసలో గుర్తులు పెట్టుకుంటారు. ఏ పలక ఏ అల్మరాలోకో అన్నమాట. నున్నటి పలక మీద పెన్సిలు పెట్టడం ఇష్టం లేక, ఆ గుర్తులన్నీ పారేసే బద్ద మీదే రాశాడు. తన పని మీద మచ్చ పడకూడదన్న పట్టింపే ఆయన్ని ముంచింది. ఇప్పుడు ఒడ్డున పడేసేదీ అదే.

మర్నాడు పొద్దున్న బడిలో నేల మీద బద్దలు పరిచాం. గుర్తు చూసి అర లాగడం, దాని వెనక అంచుకి బద్ద ఆనించడం. రంపం తిన్న రెండు మిల్లీమీటర్లు పోతే, చెక్క గీతలు ఇటు నుంచి అటు గీసినట్టు కలిసిపోయేవి. ముడి సగం బద్దలో, సగం అరలో. మొదటి అయిదారు కజుయో కలిపింది, అరిమా ఫోటోలు తీసింది. ఏడోది అరిమా తనే కలిపి "దొరికింది!" అని అరిచింది. ఆ తర్వాత, పరిచిన చీటీ మీద ముందు చెయ్యి వేసినవాళ్ళదే గెలుపనే మా కొత్త సంవత్సరం చీట్లాటలా తయారైంది. పంతులమ్మ, వంటావిడ, నేను, అందరం పోటీలు పడి బద్దలు లాక్కున్నాం.

"అది నాది! రొ-5 నేను ముందు చూశా!"

"చూస్తే సరిపోదమ్మా, చెయ్యి పడాలి."

ఒత్సుబొ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన రంపపు కోత ఎంత తిన్నగా ఉందో ఇంతమంది చేతులతో పట్టి చూడటం ఆయనకి నచ్చిందని నా అనుమానం. మధ్యాహ్నం ఊరవేసిన ఆవాకు చుట్టిన అన్నం ముద్దలు తిన్నాం. మూడు గంటలకి బద్దలయిపోయాయి. నలభై నాలుగు.

తొ-3, తొ-4 లేవు.

అందరం ట్రక్కులో వెతికాం. ఉషిజిమాకి ఫోన్ చేస్తే, తన కొట్టంలో అగ్గిపుల్లంత ముక్క కూడా మిగల్లేదన్నాడు.

అరిమా అలసిపోయి కూర్చుంది. "రెండేగా. ఎక్కడో పడిపోయుంటాయి. నలభై నాలుగు సరిపోయాయి, మిగతా రెండూ వాటి తోటివే అని రాసేద్దామా కజుయో గారూ? మా ఆఫీసు ఒప్పుకుంటుంది."

ఒప్పుకునేదే. నాకూ అదే సబబనిపించింది. ఒత్సుబొ మాత్రం కిటికీలోంచి నదిని చూస్తున్నాడు.

తొ అంటే చిన్నపిల్లల గదిలో పుస్తకాల బల్ల. కజుయో దాని కింద వెల్లకిలా పడుకుంది. టార్చిలైటు వెలుగు కాసేపు అటూ ఇటూ కదిలింది.

"మేస్త్రిగారూ."

"ఊఁ."

"నేను పంపిన పలకలో అయిదు పొరలూ లేత పసుపు. వీటిలో మధ్య పొర ఎర్రగా ఉంది. ఇవి నా గేటు దాటినవి కావు."

ఒత్సుబొ టోపీ తీసి నేల మీద కూర్చున్నాడు. "జనవరిలో, కోత మొదలెట్టకముందే, గాలివానకి టార్పాలిన్ ఎగిరిపోయింది. రెండు పలకలు తడిసి ఉబ్బాయి. మళ్ళీ తెప్పిస్తే నాలుగు రోజులని, మా కొట్టంలో పాతవి రెండుంటే వేశా. నిన్న నలభై ఆరూ అని నోరు పారేసుకున్నప్పుడు నిజంగానే గుర్తు లేదు. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది." టోపీ చేతిలో తిప్పాడు. "పొద్దున్నే చెప్పాల్సింది. బద్దలు దొరికే కొద్దీ నోరు రాలేదు."

అరిమా పెన్ను కింద పెట్టింది.

"పాతికేళ్ళ పలకలమ్మా అవి" అన్నాడు మళ్ళీ. "పోయే వాసన ఎప్పుడో పోయుంటుంది."

కజుయో బల్ల కింద గట్టిగా ముక్కు ఎగబీల్చడం అందరికీ వినపడింది. "నిజమే అయ్యుండొచ్చు. నా ముక్కుకి ఏమీ తెలియట్లేదు. కానీ నా ముక్కు అరవై ఏళ్ళది. ఇక్కడ పడుకునేది మూడేళ్ళది." పాక్కుంటూ బయటికొచ్చి బట్టలు దులుపుకుంది. "తెలిసిన నలభై నాలుగూ రాస్తాను. తెలియని రెండూ రాయను. అవి ఇక్కడ ఉండకూడదు."

"కొత్త పలకలు శుక్రవారంలోగా రావు కదా" అంది అరిమా నీరసంగా.

"పలకలెందుకు? అది బల్ల అడుగున బిగించిన రెండున్నర జానల పెట్టె. నిండు చెక్కతో చేస్తే జాబితాలోకే రాదు. ముద్ర గొడవే లేదు. చేసే చేతులుండాలంతే." ఆమె ఒత్సుబొ వైపు చూడలేదు. నేనైతే చూశాను. ఆయన అప్పటికే టోపీ పెట్టుకుంటున్నాడు.

ఒత్సుబొ కొట్టంలో వెడల్పాటి సుగి పలకలు నాలుగున్నాయని మా అందరికీ తెలుసు. పని మానేశాక తన ఇంటి వరండాకి వేసుకుంటానని ముప్ఫై ఏళ్ళుగా ఆరబెట్టుకుంటున్నాడు. ఎవరు బేరమాడినా ఇవ్వలేదు. బుధవారం పొద్దున అందులో రెండు నా కొట్టు ముందు దించి, చిత్రిక బ్లేడు నా చేతిలో పెట్టాడు.

"వెంట్రుక నిలువునా చీలాలి."

"చీలుతుంది. పెద్దాయనా, వరండా సంగతేంటి?"

"మిగతా రెండు పలకల మీద ఒక పిర్ర పెట్టుకుని కూర్చుంటాలే. వాగక సాన పట్టు."

ఒకటిన్నర రోజు పట్టింది. అంచుకి గాడి, పక్క పలకకి నాలుక, ఒకదాన్లోకి ఒకటి దూర్చి, మూలలకి కొయ్య మేకులు దింపాడు. కజుయో ఒక ముక్కాలి పీట వేసుకుని పక్కనే కాపలా కూర్చుంది.

"జిగురు సీసా ఎక్కడ దాచారు?"

"నా జేబులు వెతుక్కో!" నిజంగానే రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. పెన్సిలు ముక్క, పొట్టు, ఒక పిప్పరమెంటు బిళ్ళ రాలాయి. బిళ్ళ కజుయో తీసుకుని నోట్లో వేసుకుంది.

పాత పలకలు విప్పి, కొత్త పెట్టె బిగించాక, ఆమె మళ్ళీ వెల్లకిలా పడుకుని అంచులన్నీ చూసింది. చాలాసేపు బయటికి రాలేదు. ఏమైందా అని వంగి చూస్తే, ఊరికే పడుకుని ఉంది.

"బాగుంది ఇక్కడ" అంది.

గురువారం సాయంత్రం జాబితా పూర్తయింది. నలభై నాలుగు పలకలు, ఒక్కోదానికీ ముద్ర ఫోటో, అంచు కలిసిన ఫోటో. తొ బల్ల అడుగు దగ్గర కజుయో స్వయంగా రాసింది: నిండు సుగి చెక్క, జిగురు లేదు, నేను చూశాను. ఆ చివరి మాట ఫారంలో ఉండదని అరిమా చెప్పింది. చెప్పింది గానీ కొట్టేయలేదు. ఆరోజు అందరం ఉషిజిమా స్నానశాలకే వెళ్ళాం. పొయ్యిలో సుగి పొట్టు మండుతోంది. స్నానం చేసి వచ్చి ఎర్రటి బుగ్గలతో కాఫీ పాలు తాగుతున్న అరిమాని చూసి ఉషిజిమా అడిగాడు. "నీళ్ళు ఎలా ఉన్నాయమ్మాయ్? కంపేమైనా వచ్చిందా?"

"నాలుగు చుక్కలు వేస్తాను బాబాయ్!"

మార్కులు వచ్చాయి. బడి తెరిచిన రోజు మేయరు మాట్లాడుతుండగానే నలుగురు పిల్లలు తొ బల్ల కిందకి దూరి వెల్లకిలా పడుకున్నారు. ఒత్సుబొ నా మోచేతి మీద పొడిచి, చూశావా అన్నట్టు గడ్డం ఎగరేశాడు. తీసేసిన పాత పలక నుంచి కజుయో బొటనవేలంత ముక్క కోసుకుని ఇరవై ఏడో డబ్బా మొదలుపెట్టింది.

చివరి పని అన్నవాడు జూన్‌లో దంతవైద్యుడి క్లినిక్‌కి మందుల అల్మరాలు ఒప్పుకున్నాడు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం గోదాములోకి వచ్చి, దారంతో కట్టిన బద్దల మోపు కజుయో బల్ల మీద ధన్‌మని పెట్టాడు. ఇ-1 నుంచి హె-2 వరకు వరసగా, ప్రతి బద్ద మూలా చుక్కలు పైకి కనిపించేలా.

"ఇదిగో నీ చుక్కలు. ఇక నా అల్మరాల కింద దూరొద్దు."

కజుయో మోపు తిప్పి, అలవాటుగా అంచు చూసింది. వేలితో రుద్దింది. మళ్ళీ రుద్దింది.

"మేస్త్రిగారూ, పారేసే బద్దలకి కూడా చిత్రిక పట్టారా?"

"మరి? నువ్వు చూసేది అంచే కదా."